కెమెరా నేసిన అలలు

ఫోటో చూసి చీర చెడిపోయిందని తీర్పు చెప్పిన తెలివితక్కువవాళ్ళు నాకు ఇద్దరే తెలుసు. ఒకడు హిందూపురంలో పట్టుచీరల దుకాణం నడిపిన షావుకారు. రెండోవాణ్ణి నేను. షావుకారుకైనా ఒక సాకు ఉంది, ఆయన జన్మలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాడు కాదు. నాకు ఆ సాకు కూడా లేదు.

మాది ధర్మవరం. మగ్గాలకు అచ్చులు కట్టడం, చెడిపోయిన వాటిని బాగుచేయడం మా నాయన పని, ఆయన తర్వాత నా పని. అచ్చు అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. గజం పైన పొడుగున్న దువ్వెన అనుకోండి, పైనా కిందా రెండు వైపులా మూసేసిన దువ్వెన. మగ్గం మీది నిలువు దారాలన్నీ దాని పళ్ళ సందుల్లోంచి వస్తాయి. అడ్డదారం వేసిన ప్రతిసారీ నేసేవాళ్ళు దాన్ని ముందుకు గుంజి కొడతారు. పళ్ళు సమంగా ఉంటే గుడ్డ సమంగా ఉంటుంది. ఒక్క పన్ను పక్కకు ఒరిగిందా, చీర పొడుగునా గీత పడుతుంది.

అంత సన్నటి పళ్ళను, అన్ని వందల పళ్ళను, ఒక్కొక్కటీ కొలుస్తూ కూర్చునేవాడెవడు? అందుకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. నాయన దగ్గర తప్పులేని అచ్చు ఒకటి ఉండేది. దాన్ని నూనెగుడ్డలో చుట్టి అటక మీద దాచేవాడు. కొత్తగా కట్టిన అచ్చును దాని మీద పన్నుకు పన్ను ఆనించి, వాకిట్లో ఎండకు ఎదురుగా ఎత్తి పట్టుకునేవాడు. రెండూ ఒకే లెక్కన ఉంటే వెలుగు అంతటా ఒకే తీరుగా వస్తుంది. ఎక్కడైనా సందు పెరిగినా తగ్గినా అక్కడ నల్లటి అల లేస్తుంది, గాలికి కుంటలో నీళ్ళు కదిలినట్లు. పంటిలో తేడా వెంట్రుకంత ఉంటే అల బెత్తెడు ఉంటుంది. చిన్న తప్పును పెద్దది చేసి ఊరందరికీ చెప్పే చాడీకోరు అది.

"అల కనపడితే ఇంక వాదన లేదురా. యాడో పన్ను తప్పింది," అనేవాడు నాయన.

నలభై ఏళ్ళు ఆ మాట మీదే బతికాను. చివరికి ఆ మాటే కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరిది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు అక్షరాలు నలభై ఆరో ఏట వచ్చాయి. తొంభైల్లో మా వీధిలో పెద్దవాళ్ళకు బడి పెట్టారు. సాయంత్రం మగ్గాలు ఆగాక, మసీదు పక్క వసారాలో గడ్డాలు నెరిసినవాళ్ళం వరుసగా కూర్చుని పలక మీద దిద్దేవాళ్ళం. ఒకడి బలపం ఇంకొకడు విరిస్తే తిట్టుకునేవాళ్ళం. చదువొస్తే మనిషికి తెలివి పెరుగుతుందని మాకు పాఠం చెప్పిన ఆయన దినామూ అనేవాడు. నాకు పెరగలేదు. కాగితమంటే భక్తి మాత్రం పెరిగింది. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళు కాగితాన్ని అనుమానించడం కూడా చిన్నప్పుడే నేర్చుకుంటారు. నేను ఆలస్యంగా వచ్చినవాణ్ణి. ఉప్పు పొట్లం మీద ‘శుద్ధమైనది’ అని ఉంటే నాలుక మీద వేసుకోకుండానే నమ్మేవాణ్ణి. సందులో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, జడ్జీ తీర్పు చదివినట్లు చదివేవాణ్ణి. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా సందులోనే, మా గడపకు పది అంగల దూరంలో ఒక ఆడమనిషి ఉండేది. మగ్గం నేసే భర్త పోయాక తానే గుంటలోకి దిగింది. ఆయన ఉన్నన్నాళ్ళూ దారం చుట్టేది, పోగులు అతికేది. అడ్డదారం వేసే నాడె పట్టుకున్నది మాత్రం ఆయన పోయాకే. సందులో మగవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళ చీరల్లో ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో నేను ఇప్పటికీ చెప్పగలను. ఈమె చీరలో ఒక్కటి లేదు. అయినా ఆడది ఒక్కతే నేసే మగ్గానికి ధర్మవరంలో ఒక్కడూ పట్టు ఇవ్వలేదు. హిందూపురం షావుకారు ఇచ్చాడు. పట్టు, జరీ ఆయన పంపేవాడు, ఈమె నేసి పంపేది. ఆయన ఆపేస్తే ఆమె మగ్గం ఆగిపోయినట్లే.

రెండువేల సంవత్సరం దాటాక, ఒక ఏడాది పెళ్ళిళ్ళ ముందు ఆయన సన్నగీతల చీరలు రెండు అడిగాడు. చీరంతా వంకాయరంగు పోగులు రెండు, గంధంరంగు పోగులు రెండు, మళ్ళీ వంకాయ రెండు. దూరం నుంచి గీతలు కనపడవు, రెండు రంగులూ కలిసి ఒక మెరుపు వస్తుంది. దగ్గరికొస్తే అప్పుడే దువ్విన తలలాగా గీతలు. ఆ మగ్గానికి అచ్చు నేనే కట్టి ఇచ్చాను. మొదటి చీర అయింది, పంపింది. రెండోది సగం దాటింది. అప్పుడు వచ్చింది కవరు.

"అన్నా, ఏందో లావుగా ఉండాది. చదువు," అని నా చేతిలో పెట్టింది.

లోపల ఒక ఉత్తరం, చేట వెడల్పు రంగు ఫోటో ఒకటి. కూడబలుక్కుంటూ పైకే చదివాను. ‘మీరు పంపిన చీరను కొత్త డిజిటల్ కెమెరాతో ఫోటో తీయించగా, చీర అంతటా అలలు అలలుగా రంగులు తేలినవి. అంచులు రెండునూ విల్లువలె వంగి ఉన్నవి. అచ్చు చెడినట్లున్నది. మగ్గముపై ఉన్న చీర కూడ ఇట్లే ఉండును గనుక నాకు అక్కరలేదు. ఇకపై పట్టు పంపబడదు.’

‘పంపబడదు’ అట. దుకాణంలో కూర్చుని దినామూ పోట్లాడే మనిషి కాగితం దొరికేసరికి కలెక్టరయ్యాడు.

ఫోటో చూశాను. చీరను గోడకు పరిచి తీశారు. నిలువు గీతల బదులు, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్లు వంపు మీద వంపు. వాటి మీద మేము వేయని రంగులు, ఒకచోట పచ్చ, ఒకచోట గులాబి. నీళ్ళ మీద కిరసనాయిలు చుక్క పడితే తేలే రంగులు.

"అల," అన్నాను.

"ఏం అల?"

"అచ్చులో పన్ను తప్పితే లేచే అల. ఒకటి రెండు కాదు, శానా తప్పినాయి."

"దినామూ దాని ముందరే కూర్చుంటా కదన్నా. నాకు కనపడలేదే?"

"దగ్గరుండే వాళ్ళకు కనపడదు."

"మగ్గం మీద సగం చీర ఉండాది కదా. వచ్చి చూడు."

"ఇంక చూసేదేముందిమ్మా? ఈడ బొమ్మలో పడింది కదా!"

పది అంగలు. అంతే దూరం. వెళ్ళలేదు. ఫోటోను ఇటు తిప్పి అటు తిప్పి, నాయన మాట ఒకసారి తలుచుకుని, పెద్ద మనిషిలా తల ఊపాను.

ఆమె నాకంటే తెలివైనది. కాసేపు ఫోటో వంకే చూసి అడిగింది. "అంచులు వంగినాయని రాసినాడే. అచ్చులో పన్ను తప్పితే అంచెట్ల వంగుతాదన్నా? అదీ రెండు పక్కలా?"

సరైన ప్రశ్న. దానికి జవాబు లేదు. జవాబు లేదని ఒప్పుకుంటే అక్కడితో అంతా తేలిపోయేది. కానీ ఉత్తరం చదివినవాణ్ణి నేను, వినేది ఆమె.

"అది నీ చేతి బిగువులో తేడా. ఒకపక్క గట్టిగా గుంజుతాండావేమో," అన్నాను.

ఆమె తన చేతుల వంక చూసుకుంది. మగ్గం మీద కూర్చున్న ఆడదానికి తన చేతి మీద తనకే అనుమానం పుట్టించడం చాలా సులువు. సందులో వాళ్ళంతా దినామూ అదే పని చేసేవాళ్ళు. ఆ రోజు నేనూ చేశాను.

అచ్చును తీసి సరిచేయాలన్నాను. అది బయటికి రావాలంటే నేసిన గుడ్డను అచ్చు ముందర అడ్డంగా కోసేయాలి. అప్పుడే దాన్ని పోగుల్లోంచి లాగవచ్చు. కత్తెర తెచ్చుకుని నా ముఖం చూసింది.

"కోయాల్నా?"

"కోయి."

"ఇంకోసారి చెప్పు అన్నా. కోయాల్నా?"

"చెప్పినా కదమ్మా, కోయి."

కోసింది. ఆ చప్పుడు గురించి రాయను. సగం చీర అంటే చీర కాదు, తుండు.

అచ్చును ఇంటికి తెచ్చాను. అటక మీంచి నాయన అచ్చు దింపి, రెండూ ఆనించి ఎండకు పట్టుకున్నాను. వెలుగు అంతటా ఒకే తీరుగా వచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పట్టాను. అల లేదు. పై అచ్చును కొంచెం ఒరగదిప్పితే అలలు లేచాయి, నిటారుగా పెడితే మాయమయ్యాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా జరుపుకుంటూ వచ్చాను. ఒక్క పన్ను తప్పలేదు.

అప్పుడు, అంతా అయ్యాక, నా బుర్ర లేచింది. అల రావాలంటే రెండు కావాలి. ఒక్క అచ్చును ఎండకు పట్టుకుంటే, అది ఎంత చెడినదైనా సరే, అల రాదు. రెండు వరుసలు ఒకదాని మీద ఒకటి పడి, వాటి లెక్క కలవకపోతేనే వస్తుంది. హిందూపురంలో గోడ మీద ఉన్నది చీర ఒక్కటే. ఒక వరుస దానిది. మరి రెండోది ఏది?

మరునాడు పొద్దున్నే అచ్చులు రెండూ తువాలులో చుట్టుకుని రైలెక్కాను. ఆమెకు చెప్పలేదు, చెప్పే ముఖం లేదు. పెనుకొండలో బండి ఆగినప్పుడు ఎదురుగా కూర్చున్న ఆసామి, "ఏమప్పా, జల్లెళ్ళా అవి?" అని అడిగాడు. "కాదు, మా ఇంటి తెలివి. రెండుంటే గానీ పనిచేయదు," అన్నాను. పిచ్చివాడనుకుని కిటికీ వైపు తిరిగాడు. తప్పనలేను.

షావుకారు పరుపు మీద బాలీసుకు ఆనుకుని ఉన్నాడు.

"ఏం సాయిబూ, అచ్చు చెడిపోయింది నీదేనా?"

"చీర యాడుండాది? చూపించండి."

"బీరువాలో ఉండాది. ఫోటో చూడలేదా? నా దుడ్లు పెట్టి తీయించినా."

"ఫోటో చూసినా. చీర చూపించండి."

తీసి విసిరాడు. ఒళ్ళో పరుచుకుని అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాను. పొడుగునా చూశాను, అడ్డంగా చూశాను. తప్పు పట్టాలని చూసినా దొరకలేదు. అంచులు నూలు పట్టి గీసినట్లున్నాయి.

"ఫోటో తీయకముందు దీన్ని చూసినారా?"

"చూడకుండా ఉంటానా? బాగానే ఉన్నట్లు అనిపించింది. ఫోటోలో కదా బయటపడింది!"

ముప్పై ఏళ్ళు పట్టు అమ్మిన మనిషి. కళ్ళు మూసుకుని వేలితో తాకి ఇది ధర్మవరానిదా, ఇంకో ఊరిదా చెప్పగలనని గొప్పలు పోయే మనిషి. సబ్బుపెట్టెంత యంత్రం ఒకటి ఎదురు చెప్పగానే తన వేళ్ళను తానే అబద్ధాలకోరులని తీసి పారేశాడు. తిట్టాలనిపించింది. తిట్టలేదు. ఆయన వేళ్ళు కనీసం ఒకసారి చీరను తాకాయి. నావి అదీ లేదు.

ఫోటో తీసింది ఎదురు మేడ మీది స్టూడియోవాడు. ముప్పై ఏళ్ళుంటాయి, నల్లకళ్ళద్దాలు నెత్తి మీద పెట్టుకుని నీడలో కూర్చున్నాడు. అలలెందుకొచ్చాయని అడిగాను.

"లైటింగ్ ప్రాబ్లం కావచ్చు తాతా. లేదంటే వైరస్."

"దేనికి? చీరకా?"

"కంప్యూటర్‌కు తాతా."

"నీ పెట్టె లోపల ఏముంటాది? బొమ్మ యాడ పడుతాది?"

"సెన్సార్ అని ఉంటాది. గోరంత. దాంట్లో చుక్కలుంటాయి, లక్షలు."

"చల్లినట్లుంటాయా, వరుసగా ఉంటాయా?"

"వరుసగానే. నిలువూ అడ్డమూ లైన్లు."

"అట్ల చెప్పు. అయితే అదీ అచ్చే."

వాడికి అర్థం కాలేదు. తువాలు విప్పి, రెండు అచ్చులూ కిటికీకి ఎదురుగా పట్టి, ఒకదాన్ని కొంచెం ఒరగదిప్పాను. అలలు లేచాయి. వాడి నోరు తెరుచుకుంది. "ఇదే తాతా! ఇట్లనే వచ్చింది!" అన్నాడు, తానే కనిపెట్టినట్లు.

చీరను మళ్ళీ గోడకు కట్టించాను. "ఒక అడుగు ముందుకొచ్చి తీయి," అన్నాను. అలలు లావయ్యాయి. "రెండడుగులు వెనక్కి పో." సన్నబడి, ఇంకో పక్కకు వంగాయి. "పెట్టెను కొంచెం ఒరగబెట్టు." చాలా మటుకు పోయాయి. చీరను ఎవరూ ముట్టలేదు. అది కట్టినచోటే ఉంది. అలలు మాత్రం ఊరేగుతున్నాయి. గుడ్డలో ఉన్న తప్పు, తీసేవాడు అడుగు వెనక్కి వేస్తే జరుగుతుందా? ఈ పరీక్ష చేయడానికి యంత్రం గురించి ఏమీ తెలియక్కర్లేదు, రెండు కాళ్ళుంటే చాలు. వాడు ఆ కాళ్ళను ఒక్కసారి కదపకుండా చీర మీద నేరం మోపాడు.

కంప్యూటర్ తెర మీద బొమ్మను పెద్దది చేయమన్నాను, చిన్నది చేయమన్నాను. చేసిన ప్రతిసారీ అలలు వేషం మార్చాయి. తెర కూడా చుక్కల వరుసే కదా, అది మూడో అచ్చు. బాగా పెద్దది చేసి, చుక్కకు చుక్క చూస్తే కొన్ని పోయాయి. అవి తెర వేసినవి. పోకుండా మిగిలినవి కెమెరా వేసినవి.

"పాత రీలు కెమెరాలో ఇట్ల వచ్చేది కాదు తాతా," అన్నాడు వాడు, ఇప్పుడు గుర్తొచ్చినట్లు.

రాదు. రీలులో పొడి చల్లినట్లుంటుందట. చల్లిన నువ్వులతో అచ్చు కట్టలేం. లేని పచ్చ, లేని గులాబి ఎక్కడివో ఆ రోజు వాడు చెప్పలేకపోయాడు. తర్వాతెప్పుడో ఒక పుస్తకంలో కూడబలుక్కుని చదివాను. ఆ చుక్కల్లో ఒక్కోటి ఒక్క రంగే చూస్తుందట, మిగతా రంగులు పక్క చుక్కలను అడిగి ఊహించుకుంటుందట. సన్నగీత వచ్చేసరికి ఆ ఊహ తప్పుతుంది. ఈ అలలకు మోయిరే అని పేరు కూడా ఉందట, అది మొదట ఒక రకం పట్టుగుడ్డ పేరేనట. దొరలకు కూడా పేరు పెట్టడానికి పట్టే దొరికింది. స్టూడియోవాడి పెట్టె కథ వాడు నాకు చెప్పాలి, వాడికి నేను చెప్పాల్సి వచ్చింది.

షావుకారును మేడ మీదికి పిలిపించాను. ఆయాసపడుతూ వచ్చాడు. ఒంటి మీద సన్నచారల మిల్లు చొక్కా.

"ఈయనను ఆ తలుపు పక్కన నిలబెట్టి తీయి. చీరను యాడ నుంచి తీసినావో ఆడ నుంచే."

తీశాడు. తెర మీద షావుకారు పొట్ట మీద అలలు, పచ్చా గులాబీ వంపులు, దేవుడి పటం వెనక వెలుగులాగా. స్టూడియోవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"షావుకారూ, ఈ చొక్కా చెడిపోయింది. మిల్లుకు వాపసు పంపబడును అని రాయండి," అన్నాను.

"ఏందిది? నేనేమన్నా..."

"ఆ పక్కన తలుపు చట్రం కూడా చూడండి. అంచులు వంగినాయంటిరే."

చట్రం నడిమి పొట్ట బయటికి వచ్చి, తలా కాళ్ళూ లోపలికి వంగి ఉంది. అసలు తలుపేమో పక్కనే నిటారుగా నిలబడి ఉంది. జాగా చాలక దగ్గర నిలబడి, అంతా ఒకేసారి పట్టించాలని వాడు అద్దాన్ని వెడల్పు చేశాడు. వెడల్పు అద్దం ఓరల్లో ఉన్న తిన్నని గీతను వంచుతుంది. అంతే.

"వడ్రంగిని పిలిపించి పీకించండి. అచ్చు చెడినట్లున్నది," అన్నాను.

షావుకారు తెర వంకా, తలుపు వంకా, తన పొట్ట వంకా మార్చి మార్చి చూసుకున్నాడు. క్షమించమనలేదు. అలాంటివాళ్ళకు ఆ మాట గొంతు దాకా కూడా రాదు. "సరేలే, చీర ఉంచుకుంటా," అన్నాడు.

"పట్టు?"

"పంపిస్తాలే. ఈసారి ఫోటోకు బాగా వచ్చే చీర నేయమను."

"రాసివ్వండి."

"ఆమెకు చదువు రాదు కదా!"

"నాకొచ్చు."

నాకొచ్చు అన్నాను గానీ, ఆ మాట నాకే చేదుగా తగిలింది. బిల్లు కాగితం వెనక రెండు ముక్కలు గీకాడు. జేబులో పెట్టుకుని సాయంత్రం బండికి ధర్మవరం చేరాను. ఈసారి మా ఇంటికి పోకుండా నేరుగా ఆమె గడప దగ్గరికే వెళ్ళాను. మగ్గం ముందర పోగులు వేలాడుతున్నాయి. ఆమె నేల మీద కూర్చుని ఉంది.

"అచ్చు బాగుండాది. చీర బాగుండాది. నీ చెయ్యి బాగుండాది," అన్నాను.

"మరేం బాగలేదు?"

"నా బుర్ర."

"దాన్ని ఎండకు పట్టి చూస్తివా?"

పట్టలేదన్నాను. హిందూపురంలో జరిగిందంతా చెప్పాను. షావుకారు పొట్ట దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బిల్లు కాగితం చదివి వినిపిస్తే, "దాన్ని నువ్వే పెట్టుకో," అంది.

కోసిన మగ్గాన్ని మళ్ళీ నడిపించాలంటే ప్రతి పోగునూ అచ్చు పళ్ళ సందుల్లోంచి మళ్ళీ దూర్చాలి. వేల పోగులు. నేను వెనక కూర్చుని ఒక్కో పోగూ అందించాను, ఆమె ముందర కూర్చుని సన్నటి కొక్కెంతో లాగింది. మూడు దినాలు పట్టింది. ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో నేను కట్టిన అచ్చు. రెండో దినం మధ్యాహ్నం, చేతులు ఆపకుండా అంది.

"హిందూపురం దాకా పోతివి. ఈడికి రాలేకపోతివి."

ఇంకో పోగు అందించాను.

కోసిన సగం చీరను ఆమె పారేయలేదు, అమ్మలేదు. మగ్గం ఆగినప్పుడు దుమ్ము పడకుండా దాన్నే కప్పేది. పట్టుముక్కతో దుమ్ము ఆపుతుందని సందులో మళ్ళీ నవ్వారు. నేను వెళ్ళినప్పుడల్లా అది నా కళ్ళ ముందే ఉండేది. అందుకే కప్పిందేమో, అడగలేదు.

షావుకారు చేసిన తర్వాతి ఘనకార్యం ఇంకా బాగుంటుంది. స్టూడియోవాడు పెట్టెను ఒరగబెట్టి మొదటి చీరను అలల్లేకుండానే తీశాడు. ఆ మంచి ఫోటోను ఇంకో ముప్పై చీరలతో కలిపి, తపాలా బిళ్ళంత చేసి, కరపత్రం వేయించారు. చిన్నది చేయగానే గీతలన్నీ కుక్కుకుపోయాయి, పైన ప్రింటు చుక్కల వరుస పడింది. అలలు వెనక్కి వచ్చాయి, మునుపటికంటే లావుగా. ఎవడూ చూసుకోలేదు. అలలున్నాయని చీరను తిప్పికొట్టిన మనిషే, అలలున్న కరపత్రాన్ని హిందూపురం నుంచి పెనుకొండ దాకా పేపర్లలో పెట్టి పంచాడు.

పెనుకొండ నుంచి ఒక తల్లీ, పెళ్ళికూతురూ ఆయన దుకాణానికి వెళ్ళి, కరపత్రం మీద వేలు పెట్టి ఆ చీర చూపించమన్నారట. చూపించాడు. ఇది కాదు, నీళ్ళ డిజైను చీర కావాలన్నారట. ఎంత చెప్పినా వినలేదు. తన చారల చొక్కాను మళ్ళీ ఫోటో తీయించి చూపించాల్సింది, ఆ పని చేయలేదు. చీటీ రాసిచ్చి ధర్మవరం తోశాడు. చీటీ నేనే చదివాను. ‘వీరికి నచ్చచెప్పవలెను. మగ్గముపై ఉన్న చీరను వీరు తీసికొనినచో ఇంకో రెండింటికి పట్టు పంపెదను. లేనిచో ఈ గీతల రకము ఇక వద్దు.’ మళ్ళీ అదే. ఆమె మగ్గం ఇంకొకరి కంటి మీద ఆధారపడి ఉంది.

కోసినదాని బదులు, షావుకారు పంపిన పట్టుతో మళ్ళీ మొదలుపెట్టిన రెండో చీర చివరి మూరల్లో ఉంది. ఆమె గుంటలో కూర్చుని నేస్తూనే ఉంది. తల్లి కరపత్రాన్ని మగ్గం మీది గుడ్డ పక్కన పెట్టి, కళ్ళు చికిలించింది.

"ఈ నీళ్ళ డిజైను యాడుండాది ఇందులో?"

"ఉండదమ్మా. అది చీరలోది కాదు," అని నేను ఇంటికి పోయి అచ్చులు తెచ్చి, కిటికీ దగ్గర పట్టి చూపించాను.

"అదే! అదే కావాల!" అంది తల్లి.

"అది రెండింటి మధ్యన పుట్టేదమ్మా. దీంట్లోనూ లేదు, దాంట్లోనూ లేదు. చూడండి, ఒకటి తీసేస్తే..." తీసేశాను. పోయింది.

తల్లి నా వంక, తన వస్తువు నేను దాచేసినట్లు చూసింది. కరపత్రాన్ని మళ్ళీ చూసుకుంది, చీరను చూసింది. "ఏమోబ్బా, ఫోటోలోనే బాగుండాది," అంది.

గుంటలో నుంచి జవాబు వచ్చింది, నాడె ఆగకుండానే. "అయితే ఫోటోనే కట్టించి పీటల మీద కూర్చోబెట్టమ్మా పిల్లను."

ఇంక అయిపోయింది, రెండు చీరల పట్టూ పోయింది అనుకున్నాను. తల్లి ముఖం ఎర్రబడింది. లేవబోయింది.

పెళ్ళికూతురు అంతదాకా మగ్గం పక్కన కూర్చుని, కప్పడానికి పెట్టుకున్న ఆ సగం చీర కొసను మోకాలి మీదికి లాక్కుని వేళ్ళ మధ్య నలుపుతూ ఉంది. ‘ఫోటోనే కట్టించి’ అన్నప్పుడు కిసుక్కున నవ్వింది. తల్లి చెయ్యి పట్టుకుని లాగి, మగ్గం మీది గుడ్డ మీద పెట్టింది.

"మా, చూసింది చాల్లే. చేత్తో చూడు."

తల్లి వేళ్ళు ఒకసారి కదిలాయి. ఆగి, ఇంకోసారి కదిలాయి. కరపత్రం ఒళ్ళోంచి జారి గుంటలో పడింది, ఎవరూ తీయలేదు. "ఎప్పటికైతాది?" అంది తల్లి.

"ఇంకో రెండు మూరలు. సాయంత్రం దాకా కూర్చోండి," అంది ఆమె. నాడె ఆపి, తలెత్తి, కిటికీ దగ్గర అచ్చులు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. కోసిన దినం తర్వాత ఆ ముఖంలో నవ్వు లాంటిది కనపడటం అదే మొదటిసారి.

"అన్నా, నువ్వు కూడా వచ్చి చూడు."

అచ్చులు గోడకు ఆనించి, వెళ్ళి చూశాను.